వైద్యుని నిత్యవిద్య

ఆదిలాబాదు అడవులలో ఒక చిన్న గూడెమును ఊహింపుడు. అది కార్తికమాసపు తెల్లవారుజాము. పత్తి ఏరుటకై చేనికి బయలుదేరిన ఏబదియేండ్ల రైతునకు రొమ్ము నడుమ పెద్ద బండ పెట్టినట్లయినది. ఎడమ భుజము లాగుచున్నది. ఒడలంతయు చెమట పట్టినది. ఇంటివారు గ్యాసు నొప్పి యనుకొని వాము నమిలించి, సోడా త్రాగించిరి. నొప్పి తగ్గలేదు. గంట గడచిన పిమ్మట అతనిని మోటారుసైకిలుపై కూర్చుండబెట్టుకొని సమీపమందలి ఆసుపత్రికి తీసికొనిపోయిరి.

హైదరాబాదు నగరమున పేరుమోసిన హృద్రోగ నిపుణులు పలువురున్నారు. కాని వారికిని ఈ రైతునకును నడుమ దాదాపు మూడువందల కిలోమీటర్ల దారి ఉన్నది. ఈ క్షణమున అతని ప్రాణము ఎవరి చేతిలో ఉన్నది? ఎదుట నిలిచిన నర్సు చేతిలోను, ఆ చిన్న ఆసుపత్రి వైద్యుని చేతిలోను ఉన్నది. వారికి తాము కళాశాలలో చదివిన నాటి వైద్యము తెలిసియుండుట చాలదు. నేటి వైద్యము తెలిసియుండవలెను.

వైద్యవిద్యార్థి పట్టము పుచ్చుకొనిన నాటితో అతని చదువు ముగిసినదని మనము తలతుము. ఆనాటితో ముగియునవి పరీక్షలు మాత్రమే. వైద్యుడు తన వృత్తి సాగినంతకాలము చదువుచునే యుండవలెను. ఈ చదువునకు నిరంతర వైద్యవిద్య యని పేరు. హృదయ వైద్యమున దీని యవసరము ఎంతటిదో గ్రహింపవలెనన్న, ముందుగా గుండెపోటు అనగా నేమో తెలిసికొనవలెను.

గుండె మన పిడికిలంత కండ. అది రోజునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనుచు దేహమంతటికిని రక్తమును పంపుచుండును. పదిమందికి వడ్డించువాడు తానును తినవలెను గదా! అట్లే గుండెకండకును రక్తము కావలెను. ఆ రక్తమును హృదయ ధమనులు అను సన్నని నాళములు అందించుచుండును. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహము, రక్తమునందు మితిమీరిన క్రొవ్వు అనునవి ఏండ్ల తరబడి ఈ నాళముల గోడలను పాడుచేయును. గోడలలో క్రొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ క్రొవ్వుపై నున్న పొర చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోవును. నీరందని మడిలో పైరు ఎండినట్లు, ఆ నాళముపై ఆధారపడిన కండ నిమిషనిమిషమునకు నశించుచుండును. ఇట్లు నశించిన కండ మరల పెరిగి మునుపటివలె పనిచేయదు. ఆలస్యము అమృతమును కూడ విషము చేయునని పెద్దలు చెప్పిన మాట ఈ వ్యాధి విషయమున అక్షరాల నిజము.

ఈ వ్యాధికి చేయు చికిత్స గడచిన నూరేండ్లలో ఎన్ని మలుపులు తిరిగినదో చూడుడు. 1912లో అమెరికాలోని షికాగో నగర వైద్యుడు జేమ్స్ హెరిక్ గుండెపోటు లక్షణములను స్పష్టముగా వర్ణించెను. అటుపిమ్మట చాలకాలము వైద్యులు రోగిని వారముల తరబడి మంచముపై కదలకుండ పరుండబెట్టుచుండిరి. కొన్నియెడల అన్నము కూడ ఇతరులే తినిపించుచుండిరి. గుండెకు విశ్రాంతి దొరకునని వారి నమ్మకము. కాని అట్లు పడియుండుటచేత కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డలు ఊపిరితిత్తులకు చేరి, కొందరు మరణించుచుండిరి. బోస్టన్ నగరమున శామ్యూల్ లెవీన్ అను వైద్యుడు రోగులను కుర్చీలో కూర్చుండబెట్టి, 1952లో తన అనుభవమును ప్రకటించెను. ఆ పద్ధతి మొదట అనేకులకు రుచింపలేదు. నేడు చిక్కులు లేని రోగిని ఒకటి రెండు దినములలోనే మెల్లగా నడిపించుచున్నారు.

1988లో వెలువడిన మరియొక పరిశోధనను చూతము. అనేక దేశములలోని 417 ఆసుపత్రులలో చేరిన 17,187 మంది రోగులపై ఈ పరిశోధన జరిగినది. గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేసు, రక్తకణములు ఒకదానితో నొకటి అంటుకొనకుండ చేయు ఆస్పిరిను అను రెండు మందులను అందు పరీక్షించిరి. ఈ రెండును ఇయ్యబడనివారిలో అయిదు వారములలో హృదయ, రక్తనాళ కారణములచేత నూటికి 13 మంది మరణించిరి. రెండును ఇయ్యబడినవారిలో అట్టివారు నూటికి 8 మంది మాత్రమే. ఆస్పిరిను ప్రతి మందులకొట్టులోను దొరకు చౌకయైన మాత్ర. దాని ఈ గుణమును నేర్చుకొనిన వైద్యుని చేతిలో అది ప్రాణరక్షకమైనది. నేర్చుకొననివాని చేతిలో తలనొప్పి మాత్రగానే మిగిలిపోయినది.

బలహీనపడిన గుండెకు బీటా బ్లాకర్లు అను మందులు ఇయ్యరాదని ఒకప్పుడు వైద్యకళాశాలలలో గట్టిగా బోధించుచుండిరి. 1975లో స్వీడను దేశపు వైద్యులు కొందరు ఆ నియమమును శంకించిరి. వారు కొలది రోగులకు అవే మందులను జాగ్రత్తగా ఇచ్చి మేలు చూచిరి. 1999లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధనలు వారి మాటను స్థిరపరచినవి. గుండె బలహీనతకు ఒకనాడు నిషిద్ధమైన మందు నేడు ముఖ్యమైన మందులలో నొకటి. అదే విధముగా, గుండెపోటు వచ్చిన ప్రతివానికిని ప్రాణవాయువు పట్టుట చిరకాలాచారము. రక్తమున ప్రాణవాయువు తగినంత యున్నవారికి దానివలన అదనపు మేలు లేదని 2017లో స్వీడను దేశముననే జరిగిన పెద్ద పరిశోధన తేల్చినది.

ఈ ఉదాహరణములనుండి మనము గ్రహింపవలసిన దేమి? ఆ వైద్యులెవరును అజ్ఞానులు కారు. తమ కాలమున పాఠ్యగ్రంథములు చెప్పినదే వారు శ్రద్ధతో చేసిరి. అయినను శాస్త్రము ముందునకు సాగిన పిమ్మట పాత పాఠమునే పట్టుకొనియున్న వైద్యుడు, ఎంతటి దయామయుడైనను, తెలియకయే రోగికి కీడు చేయును. ఈ కారణముచేతనే భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళిలో వైద్యుడు అయిదేండ్లలో కనీసము 30 గంటలు నిరంతర విద్యా సభలలో పాల్గొనవలెనని చెప్పబడినది. లెక్కవేసి చూడుడు. ఏడాదికి ఆరు గంటలు! ఇది కనీసపు హద్దే గాని, మంచి వైద్యుడు ఇంతటితో తృప్తిపడడు.

ఈ సభల విషయమున మరియొక జాగ్రత్తయు కలదు. మందుల వ్యాపారులు ఖర్చు పెట్టుకొని విందులతో, విహారయాత్రలతో సభలు జరిపినచో, అచ్చట నేర్పబడునది శాస్త్రమో, సరకు ప్రశంసయో తెలియక పోవచ్చును. కావున వైద్యులు ఔషధ సంస్థలనుండి కానుకలుగాని ప్రయాణ సౌకర్యములుగాని స్వీకరింపరాదని 2009లో ఆ నియమావళికి ఒక సవరణ చేర్చబడినది. విద్య నిర్మలముగా నుండవలెనన్న దానిని నేర్పువాడును నేర్చుకొనువాడును ఇరువురును నిర్మలముగా నుండవలెను గదా.

ఇక మన రైతు కథకు మరలుదము. మూసికొనిపోయిన ధమనిని తెరచుటకు నేడు రెండు మార్గములున్నవి. మొదటిది ఆంజియోప్లాస్టీ. సన్నని గొట్టమును చేతి నాళము ద్వారమునగాని తొడ నాళము ద్వారమునగాని గుండెవరకు పంపి, దాని కొనయందలి చిన్న బుడగను ఉబ్బించి దారి తెరచి, స్టెంటు అను లోహపు జాలిగొట్టమును అచ్చట నిలుపుదురు. హృదయ ధమనులలో ఈ బుడగ చికిత్సను మొదట 1977లో జూరిక్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ చేసెను. 1998లో హైదరాబాదున డాక్టరు సోమరాజు, డాక్టరు ఏ.పి.జె. అబ్దుల్ కలాము కలిసి తక్కువ వెలకు దొరకు స్టెంటును రూపొందించిరి. రెండవ మార్గము గడ్డను కరిగించు మందును సూదిద్వారా ఇచ్చుట.

వీటిలో ఆంజియోప్లాస్టీయే మేలైనది. కాని అది సకాలమున జరిగిననే మేలు. గుండెపోటును గుర్తించిన పిమ్మట 120 నిమిషములలోపల ఆంజియోప్లాస్టీ చేయుటకు వీలులేనిచో, ఇయ్యరాని కారణమేదియు లేనియెడల, గడ్డను కరిగించు మందును వెంటనే ఇయ్యవలెనని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఇప్పుడు మన పటమును ముందు పెట్టుకొని లెక్కవేయుడు. ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు; మంచి రహదారిపై నిలువక పోయినను నాలుగైదు గంటల ప్రయాణము. కరీంనగరమునుండి దాదాపు 165 కిలోమీటర్లు. అదియు రెండు గంటలకు మించును. హృదయ చికిత్సాగారములు నగరములలోను పెద్ద పట్టణములలోను ఉన్నవి. అడవి గూడెమునుండి వచ్చు రోగికి అవి ఎక్కువభాగము 120 నిమిషముల హద్దునకు ఆవలనే యుండును. కావున అతనికి మొదటి మందు దగ్గరి ఆసుపత్రిలోనే అందవలెను. పిమ్మట అతనిని పెద్ద ఆసుపత్రికి పంపి, ఒక దినములోపల ఆంజియోగ్రాము పరీక్ష చేయింపవచ్చును.

మందు ఇచ్చుట యన్న సూది పొడుచుట మాత్రము కాదు. ముందుగా వ్యాధిని గుర్తింపవలెను. రోగి వచ్చిన పది నిమిషములలో ఈ.సి.జి. తీయవలెను. గుండెలోని విద్యుత్తును గీతలుగా చూపు ఈ యంత్రమును హాలెండు శాస్త్రవేత్త ఐంథోవెన్ కనుగొనెను. దానికిగాను 1924లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. ఆ గీతలలో ఏది మామూలు వంపో, ఏది ప్రమాదపు వంపో తెలియుటకు అభ్యాసము కావలెను. మధుమేహరోగులలోను స్త్రీలలోను కొన్నియెడల నొప్పి అంతగా కనబడదు. ఆయాసము, వాంతి, చెమట మాత్రమే కనబడును. ఈ సంగతి తెలియని నర్సు అట్టివారిని వరుసలో చివర కూర్చుండబెట్టును. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. గడ్డను కరిగించు మందు మెదడులో రక్తస్రావమును కూడ కలిగింపవచ్చును. ఇటీవల పక్షవాతము వచ్చినవారికిని, పెద్ద శస్త్రచికిత్స జరిగినవారికిని, లోపల రక్తము కారుచున్నవారికిని దానిని ఇయ్యరాదు. ఎవరికి ఇయ్యవలెనో నేర్చుకొనుట సగము చదువు. ఎవరికి ఇయ్యరాదో నేర్చుకొనుట మిగిలిన సగము.

ఒకప్పుడు స్ట్రెప్టోకైనేసును బొట్లుబొట్లుగా దాదాపు గంటసేపు ఎక్కించుచుండిరి. తరువాత వచ్చిన టెనెక్టెప్లేసు అను మందును రోగి బరువునుబట్టి ఒక్క సూదిగా కొలది క్షణములలో ఇయ్యవచ్చును. దీనివలన చిన్న ఆసుపత్రికి పెద్ద పని చేయు వీలు కలిగినది. ఈ.సి.జి. పటమును తంతి లేకుండనే దూరపు నిపుణునికి పంపి, అతని అభిప్రాయమును నిమిషములలో పొందు ఏర్పాట్లును నేడు కలవు. ఇట్లు చిన్న ఆసుపత్రులను బండిచక్రపు ఆకులవలెను, పెద్ద ఆసుపత్రిని ఇరుసువలెను కూర్చి పనిచేయించిన పద్ధతిని తమిళనాడులో 2012 మొదలు 2014 వరకు పరీక్షించిరి. 2,420 మంది రోగుల వివరములు చూడగా, ఈ ఏర్పాటునకు ముందు ఏడాదిలోపల మరణించినవారు నూటికి 17.6 మంది, తరువాత 14.2 మంది. అక్కడ కొత్త మందు ఏదియు కనిపెట్టబడలేదు. ఉన్న విద్య ఉన్నవారికందరకును చేరునట్లు చేసిరి; అంతే.

మన ఉత్తర తెలంగాణమునకు ఇట్టి చేర్పు మిక్కిలి అవసరము. 2016 అక్టోబరులో పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడినవి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను ఎనిమిది జిల్లాలు ఆ భూభాగమున ఏర్పడినవి. ఈ సీమలో మొదటి ప్రభుత్వ వైద్యకళాశాల 2008లో ఆదిలాబాదున వెలసినది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందును, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులందును వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. నేడు ఎనిమిది జిల్లాలకును ఒక్కొక్క ప్రభుత్వ కళాశాల కలదు. కళాశాల క్రొత్త వైద్యులను తయారుచేయుటతో తన పని తీరినదనుకొనరాదు. చుట్టుపట్ల నున్న పాత వైద్యులకు, నర్సులకు, 108 వాహన సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు అది నిత్యపాఠశాల కావలెను. జిల్లాకొక దీపము వెలిగించుట మంచిదే. కాని దాని వెలుతురు గూడెము గుడిసెవరకు ప్రసరింపవలెను.

నేర్చుకొనవలసినవి గొప్ప విషయములే యని భావింపకుడు. రక్తపోటు కొలుచుట అతిసామాన్యమైన పని. అయినను దానిని తప్పుగా చేయువారు పలువురు. రోగిని అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండనీయవలెను. వీపునకు ఆనుడు ఉండవలెను, పాదములు నేలపై మోపవలెను, చేయి గుండె మట్టమున ఉండవలెను, పట్టీని చొక్కాపై చుట్టరాదు, కొలుచునపుడు మాటలాడరాదు. ఇందేది తప్పినను లెక్క తప్పును. లెక్క తప్పిన మందు తప్పును. 2017లో మన దేశమున రక్తపోటు అదుపు ఉద్యమము ప్రారంభమైనపుడు తొలి అడుగు వేసిన అయిదు రాష్ట్రములలో తెలంగాణము ఒకటి. సరిగా కొలుచుట, అందరును ఒకే క్రమమున మందులిచ్చుట, రోగి ఇంటికి దగ్గరలోనే నెలనెలకు మాత్రలు అందజేయుట దాని ముఖ్యసూత్రములు. గోదావరిఖని గనికార్మికుడు, సిరిసిల్ల మరమగ్గపు నేతగాడు, జగిత్యాల బీడీకార్మికురాలు, ఉట్నూరు గోండు రైతు, అందరకును ఈ చిన్న విద్యయే పెద్ద రక్ష. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న సామెత ఇట్టి వైద్యమును గూర్చియే పుట్టినదా యనిపించును.

గుండె పూర్తిగా ఆగిపోయినపుడు చేయవలసిన ప్రథమచికిత్సయు ఇట్లే మారుచు వచ్చినది. రొమ్మును చేతులతో నొక్కి రక్తమును నడిపింపవచ్చునని 1960లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యులు తెలిపిరి. మొదట ఒక్కరే చికిత్స చేయునపుడు పదునైదుసార్లు నొక్కి రెండుసార్లు ఊపిరి ఊదవలెనని నేర్పిరి. 2005లో ఆ లెక్కను ముప్పదికి మార్చిరి. నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, పెద్దవారి రొమ్ము అయిదారు సెంటిమీటర్లు దిగునట్లు నొక్కవలెనని నేటి నియమము. ఊపిరి ఊదుట నేర్వనివారు వైద్యసహాయము వచ్చువరకు ఆపక నొక్కినను ప్రాణము నిలుచుటకు అవకాశము కలదు. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఈ విద్యను ఆరోగ్య సిబ్బందికిని ఇతరులకును పెద్దయెత్తున నేర్పుటకు పూనుకొనినది. విద్యార్థులారా! ఇది మీరును శిక్షకుల యొద్ద నేర్చుకొనదగిన విద్య.

ఈ ప్రాంతమునకు ఇట్టి ప్రయత్నము క్రొత్తది కాదు. 1943లో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామమున గోండుల చదువునకై ఉపాధ్యాయ శిక్షణకేంద్రము ఏర్పడినది. దానికి ప్రేరకుడు హైమన్ డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త. గోండు యువకులు అచ్చట నేర్చుకొని, తమ గూడెములలో తమవారికే చదువు చెప్పిరి. చదువుకొరకు అడవి నగరమునకు పోలేదు. చదువే అడవికి వచ్చినది. హృదయ వైద్యమున నేడు కావలసినదియు అదియే.

ఇప్పుడు మరల ఆ ఆసుపత్రి గుమ్మమున నిలిచి చూడుడు. రైతును దించగనే నర్సు అతని చెమటను, అతడు రొమ్ముపై చేయి పెట్టుకొనిన తీరును చూచి అనుమానించును. పది నిమిషములలో ఈ.సి.జి. సిద్ధమగును. వైద్యుడు ఆ గీతలను తాను చదివి, దూరపు నిపుణునికిని చూపును. అడుగవలసిన ప్రశ్నలు అడిగి, ఆస్పిరిను నమిలించి, గడ్డ కరుగు సూదిని ఇచ్చును. 108 వాహనము వాకిట వేచియుండును. ఈ పనులలో ఏ యొక్కటియు అద్భుతము కాదు. ప్రతియొక్కటియు ఎవరో ఒకరు ఒకనాడు కూర్చుండి శ్రద్ధగా నేర్చుకొనిన పాఠము. ఆ పాఠము విననివాడు ఆనాడు విధులలో నున్నచో, ఆ రైతు తిరిగి తన పత్తిచేనిని చూచుట సందేహము.

మీలో కొందరు రేపు వైద్యులు, నర్సులు కావచ్చును. గోడపై వ్రేలాడు పట్టము ఏ యేటిదని రోగి అడుగడు. కాని అతని గుండె అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలుగుటకై, తల నెరసిన నాడును మీరు విద్యార్థులుగానే యుండవలెను.